వ్యవస్థలు ఎలా విఫలమవుతాయి: మూడు జిల్లాల అనుభవం

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు కృష్ణానది దగ్గరే ఉన్నా, నది మట్టం పొలాల మట్టం కంటే చాలా లోతున ఉండటంతో, ఇక్కడి సాగునీటిలోను, తాగునీటిలోను పెద్ద భాగం యంత్రాలు ఎత్తిపోస్తేనే ఊళ్లకు చేరుతుంది. గద్వాల దగ్గరి జూరాల ప్రాజెక్టు, ఆ నీటితో నడిచే నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు, శ్రీశైలం జలాశయం వెనుక నీటిని తోడే కల్వకుర్తి పథకం, ఇంకా పూర్తికాని పాలమూరు-రంగారెడ్డి పథకం, నల్లమలలో దోమలపెంట సమీపాన కొండ కడుపున కట్టిన శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం, వీటన్నిటి వల్ల వానను నమ్ముకుని బతికిన ప్రాంతం రెండు మూడు దశాబ్దాల్లోనే యంత్రాన్ని నమ్ముకున్న ప్రాంతంగా మారింది. అలా మారిన చోట, యంత్రం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో, అది ఏయే దారుల్లో పనిచేయకుండా పోగలదన్న ప్రశ్నకూ అంతే విలువ ఉంటుంది.

ఈ రెండో ప్రశ్నను క్రమపద్ధతిలో వేసుకునే శాస్త్రాన్ని వైఫల్య విశ్లేషణ అంటారు. ఇందులో వ్యవస్థ అంటే ఒక్క యంత్రం మాత్రమే అనుకోకూడదు. యంత్రం, దాన్ని నడిపే మనుషులు, వారికి ఇచ్చిన ఆదేశాలు, కరెంటు సరఫరా, చుట్టూ ఉన్న రాయి, మట్టి, నీరు, పర్యవేక్షించే కార్యాలయం, ఇవన్నీ కలిసి ఒక వ్యవస్థ అవుతాయి. అలాంటి వ్యవస్థకు రెండు గుణాలు కావాలి. అడిగినప్పుడల్లా తన పని తాను చేయగలగడం విశ్వసనీయత. పని చేస్తున్నా, చేయలేకపోయినా ఎవరికీ హాని కలిగించకపోవడం భద్రత. ఈ రెండూ ఒకటే అనిపించినా, చాలా సందర్భాల్లో ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. వరద కాలంలో పంపు ఆగకూడదని విశ్వసనీయత కోరుతుంది. పంపు కింది పునాది అదురుతుంటే వెంటనే ఆపాలని భద్రత కోరుతుంది. ఎప్పుడు దేనిమాట నెగ్గాలో ప్రమాదం రాకముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయించి ఉంచడం విశ్లేషకుల మొదటి బాధ్యత.

ఈ విశ్లేషణకు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పద్ధతులు రెండు. మొదటిదాన్ని వైఫల్య రీతులు, పర్యవసానాల విశ్లేషణ అంటారు. 1949లో అమెరికా సైన్యం దీనికి ఒక లిఖిత విధానాన్ని రూపొందించగా, తరవాత అంతరిక్ష పరిశోధన సంస్థలు, కార్ల కంపెనీలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఇందులో ఒక్కో భాగాన్ని తీసుకుని, అది ఎన్ని విధాలుగా చెడగలదు, చెడితే ఏం జరుగుతుంది, చెడుతున్నట్టు ముందుగా ఎలా తెలుస్తుంది అని పట్టికగా రాసి, నష్టం తీవ్రతకు, జరిగే అవకాశానికి, ముందుగా కనిపెట్టడంలోని కష్టానికి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి, మూడింటినీ హెచ్చించి, ఎక్కువ వచ్చిన వరసను ముందుగా సరిచేస్తారు. రెండో పద్ధతి దీనికి తలకిందులుగా నడుస్తుంది. 1960ల మొదట్లో మినిట్‌మన్ క్షిపణి కోసం బెల్ ప్రయోగశాలల్లో రూపొందిన ఈ దోషవృక్షంలో, జరగకూడని ఘటనను కాగితం పైన రాసి, అది జరగాలంటే ఏవేవి జరగాలో కొమ్మలుగా కిందికి గీస్తారు. కొన్ని కొమ్మల్లో ఏ ఒక్కటి జరిగినా కీడు వస్తుంది; మరికొన్ని చోట్ల అన్నీ కలిసి జరిగితేనే వస్తుంది. మొదటి రకం కొమ్మలు ఎక్కడున్నాయో పట్టుకుంటే, వ్యవస్థకు ఆయువుపట్టు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఈ పద్ధతుల అవసరం ఎంతటిదో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి జరిగిన అగ్నిప్రమాదం చెబుతుంది. ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లతో, మొత్తం 900 మెగావాట్ల సామర్థ్యమున్న ఈ కేంద్రం కొండలో తొలిచిన గుహలో ఉంది. కృష్ణకు వరద వచ్చి, ఉత్పత్తి ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, రాత్రి పదిన్నర ప్రాంతంలో అక్కడ మంటలు లేచి, గుహంతా పొగతో నిండిపోయింది. లోపల ఉన్నవారిలో కొందరు బయటపడగా, తొమ్మిది మంది మరణించారు. వారిలో ఏడుగురు విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో ఉద్యోగులు, ఇద్దరు బ్యాటరీల సంస్థ తరఫున వచ్చినవారు. ప్రభుత్వం సీఐడీ దర్యాప్తుకు ఆదేశించడంతో పాటు నిపుణుల కమిటీని కూడా వేసింది. ఆ సమయంలో బ్యాటరీలకు సంబంధించిన పని జరుగుతూ ఉందని, డీసీ సరఫరా దెబ్బతినడంతో యంత్రాలు వాటంతటవి ఆగలేదని అప్పటి పత్రికలు రాశాయి.

ఆ మాట లోతు అర్థం కావాలంటే విద్యుత్ కేంద్రంలో రక్షణ ఎలా ఏర్పాటు చేస్తారో తెలియాలి. కరెంటు ప్రవాహం అదుపు తప్పినప్పుడు దాన్ని పసిగట్టే పరికరం రిలే. ఆ రిలే ఆజ్ఞతో వలయాన్ని తెంచేది సర్క్యూట్ బ్రేకర్. ఇలా తెగడాన్నే సిబ్బంది ట్రిప్ కావడం అంటారు. ఈ రెండూ పనిచేయడానికి కావలసిన శక్తిని కేంద్రంలో తయారయ్యే ఏసీ కరెంటు నుంచి తీసుకోరు, ఎందుకంటే ప్రమాద సమయంలో చెడేది అదే. అందుకే బ్యాటరీల వరసలను విడిగా పెట్టి, వాటి నుంచి వచ్చే డీసీ కరెంటుతో రక్షణ పరికరాలన్నిటినీ నడుపుతారు. ఇలాంటి కేంద్రాల్లో అత్యవసర దీపాలు కూడా సాధారణంగా ఆ డీసీ మీదే వెలుగుతాయి. అంటే బ్యాటరీ గది మామూలు రోజుల్లో ఎవరి కంటా పడకుండా, ఒక్క మెగావాటు కూడా తయారుచేయకుండా, కేంద్రంలోని ప్రతి రక్షణనూ తన భుజం మీద మోస్తూ ఉంటుంది.

ఇక్కడే విశ్లేషణలోని అతి ముఖ్యమైన సూత్రం ఒకటి ముందుకు వస్తుంది. ఒక రక్షణ పరికరం నూరు సందర్భాల్లో ఒకసారి విఫలమవుతుందనుకుంటే, దానికి తోడుగా అలాంటిదే ఇంకొకటి పెడితే, రెండూ ఒకేసారి విఫలమయ్యేది పదివేల సందర్భాల్లో ఒకసారి మాత్రమేనని లెక్క చెబుతుంది. రెంటికీ సంబంధం లేనప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. రెండు పరికరాలూ ఒకే తీగ నుంచి శక్తి తీసుకుంటూ ఉంటే, ఆ తీగ తెగిన నాడు రెండూ కలిసే ఆగుతాయి; కాగితం మీద పదివేలలో ఒకటిగా ఉన్న ప్రమాదం నిజంలో ఆ తీగ ఎన్నిసార్లు తెగుతుందో అన్నిసార్లు జరుగుతుంది. దీన్ని ఉమ్మడి కారణ వైఫల్యం అంటారు. భూగర్భ కేంద్రానికి దోషవృక్షం గీసి, పైన ప్రాణనష్టం అని రాసి, కింద మంట పుట్టడం, మంటకు కరెంటు అందడం ఆగకపోవడం, మనుషులకు దారి కనిపించకపోవడం అని మూడు కొమ్మలు గీస్తే, మూడూ కలిసి జరిగితేనే కీడు వస్తుందన్న ధైర్యం మొదట కలుగుతుంది. అయితే ఆ కొమ్మలను కిందిదాకా గీసుకుంటూ పోతే, రెండో కొమ్మ, మూడో కొమ్మ ఒకే సరఫరా దగ్గర కలుసుకోవడం కనిపిస్తుంది. అలాంటి బ్యాటరీల మీద పనిచేసేటప్పుడు ఉత్పత్తి కొనసాగించాలా, ఆపాలా అన్న ప్రశ్నకు జవాబు ఆ కాగితమే చెబుతుంది.

వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ మరో రకమైన పాఠం చెబుతుంది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు మీద, మదనాపురం మండలం శంకరంపేట దగ్గర 1949లో మొదలుపెట్టి 1959 నాటికి పూర్తిచేసిన ఈ జలాశయం సైఫన్ విధానానికి పేరుపడ్డది. నీరు నిండు మట్టానికి చేరగానే సైఫన్ గొట్టాల్లోని గాలి వెళ్లిపోయి, నీరు దానంతటదే కిందికి లాగబడుతుంది. మట్టం తగ్గి గాలి చొరబడగానే ప్రవాహం ఆగిపోతుంది. గేటు ఎత్తే మనిషి గాని, మోటారు గాని, కరెంటు గాని అక్కర్లేదు. అర్ధరాత్రి వరద వచ్చినా, సిబ్బంది ఊళ్లో లేకపోయినా పనిచేసే ఈ ఏర్పాటు విశ్వసనీయతకు మంచి ఉదాహరణ. అయినా 2019 డిసెంబరు 31న, వానాకాలం దాటి నెలలు గడిచాక, నిండుగా ఉన్న సరళాసాగర్ మట్టికట్టకు గండి పడి, నీరంతా దిగువన ఉన్న రామన్‌పాడు వైపు పారిపోయింది. ప్రాణనష్టం జరగలేదు గాని, కట్టను మళ్లీ కట్టుకోవలసి వచ్చింది.

మట్టికట్ట చెడే దారులను పట్టికగా రాస్తే ఈ ఘటన విడ్డూరంగా కనిపించదు. మొదటి దారిలో నీరు కట్ట మీదుగా పొర్లి, వెనక మట్టిని కోస్తుంది. రెండో దారిలో కట్ట లోపల సన్నటి ఊట మొదలై, మట్టి రేణువులను తనతో తీసుకుపోతూ, చివరికి సొరంగంగా మారుతుంది. ఊళ్లలో దీన్నే బుంగ పడటం అంటారు. మూడో దారిలో తడిసిన కట్ట వాలు జారిపోతుంది. నాలుగో దారిలో తూము రాతికట్టడానికి, మట్టికి మధ్య సందు ఏర్పడి నీరు చొరబడుతుంది. సైఫన్ ఎంత గొప్పదైనా ఈ నాలుగింటిలో మొదటి దారినే మూస్తుంది. మిగిలిన మూడింటితో దానికి సంబంధం లేదు. ఒక గొప్ప రక్షణ ఉన్నప్పుడు మిగిలిన దారుల మీద చూపు సడలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో కొత్తగా కట్టిన టీటన్ డ్యామ్ 1976 జూన్ 5న, మొదటిసారి నింపుతుండగానే, లోపలి ఊట కోతతో తెగి 11 మందిని బలిగొన్నది. ఆధునిక పరికరాలతో, అనుభవమున్న ఇంజనీర్లు కట్టినదైనా రెండో దారిని పూర్తిగా మూయలేకపోయింది.

ఆ రెండో దారిని కాపలా కాసే మనిషి తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా ఉండేవాడు. నీరటి, కొన్నిచోట్ల నీరడి అని పిలిచే ఆ వ్యక్తి కట్ట వెంట నడిచి, వెనక వాలున తడి ఎక్కడ కనిపించింది, ఊరిన నీరు తేటగా వస్తున్నదా, మట్టి కలిసి వస్తున్నదా అని చూసేవాడు. తేటనీరు వస్తే ఊట అని, మట్టినీరు వస్తే కట్ట కోసుకుపోతున్నదని తెలుసుకోవడం నేటి డ్యామ్ భద్రతా నిపుణులు కూడా పాటించే పరీక్షే. ఎండాకాలంలో కట్ట మీది తుమ్మచెట్లు కొట్టించడం, ఎలుక బొరియలు పూడ్పించడం వంటి పనులు ఒక్క రూపాయి లాభం చూపించవు. అవి ఆగిపోయినప్పుడు వెంటనే నష్టమూ కనిపించదు. కనిపించని ఈ నష్టాన్ని బ్రిటన్ మనోవిజ్ఞానశాస్త్రవేత్త జేమ్స్ రీజన్ గుప్త లోపం అన్న భావంతో వివరించాడు: ప్రమాదపు రోజున చేయి జారిన మనిషి తప్పు అందరికీ కనిపిస్తుంది గాని, దానికి ఏళ్లముందు ఎక్కడో కార్యాలయంలో తీసుకున్న నిర్ణయాలు వ్యవస్థలో నిద్రాణంగా ఉండి, అనువైన రోజు కోసం కాచుకుని ఉంటాయి.

నాగర్‌కర్నూలు జిల్లా ఎల్లూరులోని కల్వకుర్తి ఎత్తిపోతల తొలి పంపుహౌస్ 2020 అక్టోబరు 16న మునిగిపోయిన ఘటన విశ్వసనీయత లెక్కలకు చక్కగా సరిపోతుంది. శ్రీశైలం విద్యుత్ కేంద్రం ప్రమాదానికి రెండు నెలలైనా నిండలేదు. పంపులు నడుస్తుండగా నీరు లోపలికి ఎగదన్నడంతో సిబ్బంది బయటికి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకోగా, ఒక్కొక్కటి 30 మెగావాట్ల సామర్థ్యమున్న అయిదు పంపులూ నీటిపాలయ్యాయి. సమీపంలో పాలమూరు-రంగారెడ్డి పథకం కోసం రాతిని పేల్చిన పనుల ప్రభావం ఉందా, లేదా అన్న వివాదం అప్పట్లో తీవ్రంగా నడిచింది.

ఈ పథకంలో ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు దశలు ఉన్నాయి; మొదటి దశ నీరు ఎత్తితేనే రెండోదానికి పని ఉంటుంది, రెండోది ఎత్తితేనే మూడోదానికి ఉంటుంది. ఇలా ఒకదాని వెంట ఒకటి నిలిచే అమరికను శ్రేణి అమరిక అంటారు. ఉదాహరణకు ఒక్కో దశ నూరు రోజుల్లో 95 రోజులు పనిచేస్తుందనుకుంటే, చివరి ఆయకట్టు రైతుకు నీరు అందేది 95 రోజులు కాదు. మూడు అంకెలను హెచ్చిస్తే దాదాపు 86 రోజులే వస్తాయి. దశలు పెరిగే కొద్దీ ఒక్కో దశకు కావలసిన విశ్వసనీయత పెరుగుతూ పోవాలి. ఇక ఒకే దశలో అయిదు పంపులు పక్కపక్కన ఉండటం సమాంతర అమరిక. ఒకటి చెడినా మిగిలిన నాలుగు నడుస్తాయన్నది దాని బలం. ఆ అయిదూ ఒకే గోతిలో, ఒకే నేల మీద ఉన్నప్పుడు, నీరు ముంచెత్తడమన్న ఒక్క వైఫల్యం ముందు అయిదింటి బలం ఒకదాని బలంతో సమానమవుతుంది. ఎల్లూరు నీటితోనే మిషన్ భగీరథ తాగునీరు కూడా ముడిపడి ఉండటంతో, సాగునీటి యంత్రం చెడిన రోజు మంచినీటి సరఫరా గురించి కూడా ఆందోళన పడవలసి వచ్చింది.

ముంపు ఒక్క ఎల్లూరుతో మొదలు కాలేదు, అక్కడితో ఆగనూ లేదు. వనపర్తి జిల్లా పరిధిలోకి వచ్చే దిగువ జూరాల జలవిద్యుత్ కేంద్రంలోకి 2014లో నీరు చేరి అది మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన భారీవర్షాలకు నాగర్‌కర్నూలు జిల్లా వట్టెం పంపుహౌస్‌లోకి సొరంగం గుండా వరద చొరబడింది. కారణాలు మూడుచోట్లా వేరువేరు. యంత్రాలు వేరు, నిర్వహించే విభాగాలు కూడా అన్నిచోట్లా ఒకటి కావు. వైఫల్య రీతి మాత్రం ఒకటే: నేలమట్టానికి కింద ఉన్న యంత్రశాలలోకి, రావలసిన దారి విడిచి మరోదారిన నీరు రావడం. మొదటిచోట మునిగిన నాడే, జిల్లాల్లో నేలకింద ఉన్న ప్రతి యంత్రశాలకూ నీరు ఏయే దారుల్లో రాగలదో ఒక జాబితా తయారై, అన్ని విభాగాల చేతుల్లోకి వెళ్లి ఉండాలి. మూడు జిల్లాల అనుభవం మొత్తంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇక్కడే ఉంది. ఒకచోట తెలిసిన వైఫల్యం రెండోచోటికి ప్రయాణం చేయదు, ఒక విభాగం నేర్చుకున్నది ఇంకో విభాగం వాకిలి దాటదు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందుగా తవ్వుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో జరిగినది ఇంకా విషాదకరం. శ్రీశైలం నీటిని నల్లగొండ వైపు మళ్లించడానికి సుమారు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన ఈ సొరంగం పనిని 2005లో అప్పగించారు. పైన అడవి ఉండటంతో మధ్యలో ఎక్కడా బయటి దారులు లేకుండా రెండు చివరల నుంచే సొరంగ యంత్రాలతో తొలిచారు. చాలాకాలం ఆగిన పని మళ్లీ మొదలైన కొద్ది రోజులకే, 2025 ఫిబ్రవరి 22న, దోమలపెంట ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, నీరు, బురద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకోగా, సైన్యం, విపత్తు దళాలు, గని కార్మికులు, పోలీసు జాగిలాలు వారాల తరబడి వెతికినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఆ పరిసరాల్లో బలహీనమైన శిలలు, నీరు ఉండవచ్చునని కొన్నేళ్ల కిందటి సర్వే నివేదిక సూచించిందని పత్రికలు రాశాయి. హెచ్చరిక కాగితంలో ఉండటం వేరు, అది సొరంగం చివర నిలబడిన కార్మికుడి చెవికి చేరడం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలవడం కూడా వైఫల్య విశ్లేషణలో భాగమే.

ఈ ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, వీటిలో కొన్ని ప్రమాదాలు వ్యవస్థ నిలకడగా నడిచే రోజుల్లో కాకుండా ఏదో ఒక మార్పు జరుగుతున్న వేళ వచ్చాయని తెలుస్తుంది: బ్యాటరీల పని నడుస్తున్నప్పుడు, ఆగిన సొరంగం పని మళ్లీ మొదలైనప్పుడు. అందుకే రసాయన పరిశ్రమల్లో మార్పు నిర్వహణ అన్న నియమం ఉంది. ఏ మార్పు చేసినా, అది తాత్కాలికమైనా సరే, దాని వల్ల కొత్తగా తెరుచుకునే వైఫల్యపు దారులేమిటో రాసి, బాధ్యుడైన అధికారి సంతకం చేసిన తరవాతే పనివాళ్లు చేయి వేయాలి.

మార్పు అంటూ ఏదీ లేకుండా కాలం ఒక్కటే చేసే పని కూడా ఉంది. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యామ్‌లో 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. 1953లో పూర్తయిన ఆ డ్యామ్‌ మీద రాజోలిబండ మళ్లింపు పథకం ద్వారా అలంపూర్ ప్రాంతపు రైతులు కూడా ఆధారపడి ఉన్నారు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో, ప్రవాహం సాగుతుండగానే స్టాప్‌లాగ్ పలకలు దించి, వారంలోపే నీటిని నిలబెట్టగలిగారు. గేటు చెడినప్పుడు దాని ముందు తాత్కాలికంగా దించే అడ్డుపలకలే స్టాప్‌లాగ్‌లు. అవి ముందుగానే సిద్ధంగా ఉండి, దించడానికి గాళ్లు కూడా ఉంటే గేటు తెగడం మరమ్మతుతో పోతుంది, లేకపోతే జలాశయం ఖాళీ అవుతుంది. మరుసటి ఏడాది జూన్‌లో జూరాల గేట్ల రోపుల పరిస్థితి మీద కూడా ఆందోళన రేగింది. గొలుసుకు, ఇనుప తాడుకు, బోల్టుకు ఆయువు ఉంటుంది. అది తీరేలోగా మార్చడానికి తేదీ రాసి ఉంచకపోతే, ఆ తేదీని వరదే నిర్ణయిస్తుంది.

లెక్కలు సరిగ్గానే వేసినా, ఊహ చిన్నదైతే విశ్లేషణ విఫలమవుతుంది. 2009 అక్టోబరు మొదటి రోజుల్లో కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి ఉప్పొంగి, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. డ్యామ్ రూపకల్పనలో లెక్కలోకి తీసుకున్న గరిష్ఠ వరద కంటే ఇది చాలా ఎక్కువ. 885 అడుగుల నిండుమట్టం ఉన్న జలాశయం 896 అడుగులు దాటింది. ఎగువన అలంపూర్ మునిగింది, కర్నూలు మునిగింది. రెండు నదుల గరిష్ఠ వరదలూ ఒకేసారి రావన్న ఊహ ఎన్ని ఏళ్లు నిలిచినా, ఒక్కసారి వమ్మయితే చాలు.

వైఫల్యం తరవాత జరిగే విచారణ ఏ ఉద్దేశంతో జరుగుతున్నదన్నది కూడా కీలకమే. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున ఇప్పటి వనపర్తి జిల్లా కొత్తకోట మండలం పాలెం దగ్గర బెంగళూరు-హైదరాబాద్ ప్రైవేటు బస్సు కల్వర్టు గోడను ఢీకొనగా, డీజిల్ ట్యాంకు చిట్లి మంటలు లేచి 45 మంది సజీవదహనమయ్యారు. డ్రైవరు వేగం మీద చర్చ ఆగిపోతే, కల్వర్టు గోడ ఎక్కడుంది, ట్యాంకు ఎక్కడ బిగించారు, నిద్రలో ఉన్న ప్రయాణికుడికి తలుపు తెరుచుకోకపోతే రెండో దారి ఏది అన్న ప్రశ్నలు వెనకబడతాయి. పన్నెండేళ్ల తరవాత, 2025 అక్టోబరు 24న, అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు దగ్గర మరో ప్రైవేటు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు మరణించారు. విమానయానంలో అంతర్జాతీయ నియమం ప్రకారం ప్రమాద విచారణకు ఏకైక లక్ష్యం మళ్లీ జరగకుండా చూడటమే. నేరం ఎవరిదన్నది తేల్చే పని వేరే వ్యవస్థది. అందుకే ఒక దేశంలో కూలిన విమానం గురించిన నివేదిక మరో దేశంలో ఎగిరే విమానాన్ని కాపాడుతుంది. పోలీసు దర్యాప్తు అవసరమే గాని, అది ఒక్కటే జరిగితే ప్రతి సాక్షీ తన్ను తాను కాపాడుకోవడంలో పడి, యంత్రం చెప్పవలసిన నిజం బయటికి రాదు.

చట్టం కొంతవరకు ముందుకు వచ్చింది. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం వానాకాలానికి ముందూ తరవాతా తనిఖీలు, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, స్వతంత్ర నిపుణుల సమగ్ర పరిశీలన తప్పనిసరి చేసింది. 15 మీటర్లకు మించిన ఎత్తున్న డ్యామ్‌లు, కొన్ని షరతులకు లోబడి 10 నుంచి 15 మీటర్ల ఎత్తున్నవి దాని కిందికి వస్తాయి. ఊరూరా ఉన్న చెరువుకట్టలలో అత్యధికం రావు. అక్కడ చట్టం చేయలేని పని గ్రామాలు, నీటిపారుదల విభాగం కలిసి చేసుకోవలసిందే.

ఆ పనులు భారీ ఖర్చుతో కూడినవి కూడా కావు. ప్రతి ఎత్తిపోతల కేంద్రం, ప్రతి విద్యుత్ కేంద్రం, ప్రతి పెద్ద చెరువు దగ్గర ఏయే దారుల్లో వైఫల్యం రాగలదో తెలుగులో రాసిన పుస్తకం ఒకటి ఉండి, ప్రతి వానాకాలానికి ముందు దాన్ని తిరగరాయాలి. బ్యాటరీలు, గేట్లు, తాళ్లు మార్చేటప్పుడు ఉత్పత్తిని ఆపే అధికారం అక్కడున్న ఇంజనీరుకు లిఖితపూర్వకంగా ఉండాలి. ఆపినందుకు సంజాయిషీ అడగరాదు. భూగర్భ కేంద్రాల్లో దీపాలార్పి, చీకట్లో బయటికి నడిచే కసరత్తు ఏటా జరగాలి. నీరటి చేసిన పనికి మళ్లీ ఒక మనిషిని, ఒక జీతాన్ని కేటాయించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎల్లూరు, దోమలపెంట, సరళాసాగర్ వంటి ఘటనల మీద వేసిన ప్రతి కమిటీ నివేదికనూ ప్రజలకు, ఇంజనీరింగ్ కళాశాలలకు, పక్క విభాగాల సిబ్బందికి అందుబాటులో ఉంచాలి. పాఠకులు తమ ఊరి చెరువు కట్ట మీద తుమ్మచెట్టు మొలిచినా, వెనక వాలున మట్టినీరు ఊరినా అదే రోజు నీటిపారుదల అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తమ మండలంలో జరిగిన ప్రమాదం మీద వచ్చిన నివేదికను సమాచార హక్కు చట్టం కింద అడగాలి. అడిగేవారు ఉన్నప్పుడే నివేదికలు బీరువాలు దాటి, వాటిని చదవవలసిన ఇంజనీరు చేతికి చేరతాయి.